ధూళి రోడ్లపై ఓడిన డిస్కు బ్రేకు: ఇంజనీరు లాంచెస్టర్ జీవితం

పాత అంబాసిడర్ కారును అపురూపంగా చూసుకొనే యజమానులు మెకానిక్కు ముందుంచే కోరికలలో ఒకటి, ముందు చక్రాల డ్రమ్ము బ్రేకులను తొలగించి వాటి స్థానంలో డిస్కు బ్రేకులు అమర్చడం. కారు పాతదైనా రోడ్లు పాతవి కావు. నాలుగు వరుసల జాతీయ రహదారిపై ముందు వెళ్తున్న కొత్త కారు హఠాత్తుగా ఆగితే, వెనుక వస్తున్న పాత కారు కూడా అంత తక్కువ దూరంలోనే ఆగవలసి ఉంటుంది. ఈ మార్పును చాలామంది పాత బండికి కొత్త పరిజ్ఞానాన్ని జోడించడంగా భావిస్తారు. వాస్తవానికి డిస్కు బ్రేకు ఆలోచన అంబాసిడర్ కంటే 55 సంవత్సరాలు పెద్దది. 1902లోనే దానికి పేటెంటు పొందిన బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ విలియం లాంచెస్టర్, తన ఆలోచన లోకమంతటా అమలులోకి రావడాన్ని చూడకుండానే 1946లో కన్నుమూశారు.

లాంచెస్టర్ 1868 అక్టోబరు 23న లండన్‌లోని లూయిషామ్‌లో జన్మించారు. తండ్రి హెన్రీ జోన్స్ లాంచెస్టర్ భవన నిర్మాణ శిల్పి. తల్లి ఆక్టేవియా విద్యార్థులకు పాఠాలు చెప్పేవారు. ఎనిమిది మంది సంతానంలో ఫ్రెడరిక్ నాలుగోవారు. ఆయన పసితనంలోనే కుటుంబం సముద్రతీర పట్టణమైన బ్రైటన్‌కు తరలివెళ్లింది. సౌతాంప్టన్‌లోని హార్ట్‌లీ విద్యాసంస్థలోనూ, అనంతరం ఉపకార వేతనంపై లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ సైన్సు కళాశాలలోనూ ఆయన చదివారు. అక్కడ లభించని ఇంజనీరింగు శిక్షణ కోసం ఫిన్స్‌బరీ సాంకేతిక కళాశాలలో సాయంకాలపు తరగతులకు హాజరయ్యేవారు. ఇంత చేసినా చదువు ముగించేసరికి చేతిలో పట్టా లేదు. తరువాతి కాలంలో విమాన శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకరిగా గుర్తింపు పొందిన వ్యక్తి విశ్వవిద్యాలయ పట్టా లేకుండానే జీవితం ఆరంభించారన్నది గమనార్హం.

తొలుత పేటెంటు కార్యాలయంలో చిత్రకారుడిగా కొంతకాలం పనిచేశారు. ఇతరుల ఆవిష్కరణలకు బొమ్మలు గీస్తూనే, గీతలు గీయడానికి ఉపకరించే ఒక సాధనాన్ని రూపొందించి దానికి తానే పేటెంటు పొందారు. అనంతరం బర్మింగ్‌హామ్ నగరంలోని సాల్ట్‌లీలో ఉన్న ఫార్వర్డ్ గ్యాస్ ఇంజన్ కంపెనీలో సహాయ నిర్వాహకుడిగా చేరారు. ఉద్యోగ కాలంలో ఆయన చేసే ప్రతి మెరుగుదల కంపెనీ సొత్తు అవుతుందనే నిబంధన నియామక ఒప్పందంలో ఉంది. యువకుడైన లాంచెస్టర్ ఆ వాక్యాన్ని కొట్టివేసి, ఆ తరువాతే సంతకం చేశారు. ఆ కలంపోటు విలువ త్వరలోనే తెలిసివచ్చింది. ఇంజను వేగాన్ని నియంత్రించే లోలకపు గవర్నరును ఆయన కనిపెట్టగా, అది అమర్చిన ప్రతి ఇంజనుకు 10 షిల్లింగుల చొప్పున రాయల్టీ అందింది. గ్యాస్ ఇంజను దానంతట అది స్టార్టయ్యే పరికరానికి సంబంధించిన హక్కులను క్రాస్లీ కంపెనీకి 3,000 పౌండ్లకు విక్రయించారు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తమేమీ కాదు. ఆయన జీవితం మొత్తంలో డబ్బు ఇంత సులువుగా చేతికందిన సందర్భం మళ్లీ కనిపించదు.

గుర్రం లేని బండి కాదు, కారు

పెట్రోలు ఇంజనుతో ఆయన తొలి ప్రయోగం నేలపై కాక నీటిపై జరిగింది. 1894లో ఆక్స్‌ఫర్డ్ వద్ద నదిలోకి దించిన ఆయన పడవను బ్రిటన్‌లో తయారైన మొట్టమొదటి పెట్రోలు పడవగా పరిగణిస్తారు. మరుసటి సంవత్సరం కారు నిర్మాణం చేపట్టారు. 5 అశ్వశక్తుల ఒంటి సిలిండరు ఇంజనుతో ఆ కారు 1896 తొలినాళ్లలో బర్మింగ్‌హామ్ పరిసరాల్లో రోడ్డెక్కింది. అప్పటి బ్రిటిష్ చట్టం ప్రకారం యంత్రశక్తితో నడిచే వాహనం ఊరి వెలుపల గంటకు 4 మైళ్లు, ఊరిలో 2 మైళ్లు మించి పోరాదు. పైగా దానికి ముందు ఒక మనిషి నడవాలి. 1896 నవంబరులో ఆ చట్టాన్ని సడలించి వేగాన్ని 14 మైళ్లకు పెంచారు. అంటే కారును ఆపడం అనే సమస్యకు నిజమైన అర్థం ఏర్పడింది ఆ ఏడాది చివరి నుంచే.

నాటి తయారీదారులలో అత్యధికులు గుర్రబ్బండిని తీసుకొని, గుర్రాన్ని విప్పి, ఇంజను తగిలించేవారు. లాంచెస్టర్ ఆ మార్గంలో వెళ్లలేదు. చట్రం, స్ప్రింగులు, గేర్లు, ఇంజను అన్నింటినీ కాగితంపై మొదటినుంచి గీసుకున్నారు. రెండు క్రాంక్ షాఫ్టులు పరస్పరం వ్యతిరేక దిశల్లో తిరిగి ఒకదాని అదురును మరొకటి హరించే ఏర్పాటు చేశారు. విడిభాగాలు ఒక కారువి మరొక కారుకు ఆకురాయి పట్టకుండానే సరిపోవాలన్నది ఆయన పట్టుదల. చేతి నైపుణ్యంపై ఒక్కొక్క బండిని విడివిడిగా చెక్కుతున్న ఆ రోజుల్లో ఇది పిచ్చితనంగా కనిపించి ఉంటుంది. 1899లో లండన్ శివారులోని రిచ్‌మండ్ ప్రదర్శనలో ఆయన కారుకు బంగారు పతకం లభించింది. అదే ఏడాది డిసెంబరులో లాంచెస్టర్ ఇంజన్ కంపెనీ ఏర్పాటైంది. సోదరులు జార్జ్, ఫ్రాంక్ ఆయనకు తోడుగా నిలిచారు. జార్జ్ కర్మాగారం పనిలోనూ, ఫ్రాంక్ అమ్మకాల్లోనూ చేయి వేశారు. బొంబాయిలో జన్మించిన ప్రసిద్ధ ఆంగ్ల రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ 1902లో లాంచెస్టర్ కారు కొన్నవారిలో ఒకరు.

రాగి ప్యాడ్ల కీచురొద

ఆనాటి కార్లకు బ్రేకు అంటే గుర్రబ్బండి నుంచి వచ్చిన వారసత్వమే. ఇనుప పట్టా ఉన్న చక్రానికి కొయ్య దిమ్మను అదిమితే బండి ఆగేది. చక్రానికి రబ్బరు టైరు వచ్చాక ఆ ఉపాయం పనికిరాలేదు. దిమ్మ టైరునే తినివేసేది. మరో పద్ధతిలో, ఇరుసుకు బిగించిన డోలు చుట్టూ తోలు లేదా లోహపు పట్టీ చుట్టి, దానిని బిగలాగేవారు. బురద, నీరు, నూనె తగిలితే ఆ పట్టీ జారేది. ఎగువకు వెళ్లేటప్పుడు బండి వెనక్కు జారితే పట్టీ పట్టు వదిలేసేది.

లాంచెస్టర్ 1902లో పేటెంటు పొందిన పద్ధతి చూడడానికి మహా సులువు. చక్రంతోపాటు తిరిగే పలుచని లోహపు బిళ్ల ఒకటి. దాని అంచును రెండువైపుల నుంచి పట్టుకొనే దవడలు రెండు. సైకిలు రిమ్మును రెండు రబ్బరు ముక్కలు నొక్కిపట్టినట్టే ఇక్కడ దవడలు బిళ్లను నొక్కిపడతాయి. బిళ్ల గాలిలో తిరుగుతుంది కనుక పుట్టిన వేడి వెంటనే పోతుంది. రెండువైపుల ఒత్తిడి సమానం కనుక చక్రం బేరింగులపై పక్కబలం పడదు. నేటి కార్లలో క్యాలిపర్, ప్యాడ్లు, డిస్కు అని పిలిచే వాటి మౌలిక స్వరూపం అంతా ఇందులో ఉంది.

లోపం ఆలోచనలో లేదు, పదార్థంలో ఉంది. వేడికి తట్టుకొని, గట్టిగా రాసుకొని, త్వరగా అరగని ప్యాడ్ పదార్థం ఆనాడు లేదు. లాంచెస్టర్ రాగిని వాడారు. లోహానికి లోహం రాసుకోవడంతో బ్రేకు వేసినప్పుడల్లా చెవులు చిల్లులు పడే కీచురొద పుట్టేది. బిళ్ల బయటికి తెరుచుకొని ఉండడంతో, తారు ఎరుగని ఆనాటి రోడ్ల దుమ్ము దానిపై చేరి రాగిని వేగంగా అరగదీసేది. గుర్రాలను బెదరగొట్టే ఆ చప్పుడును ఏ కొనుగోలుదారుడు కోరుకుంటాడు? కొన్నేళ్లకు ఇంగ్లండ్‌కే చెందిన హెర్బర్ట్ ఫ్రూడ్ రాతినార, అంటే ఆస్‌బెస్టాస్ కలిపిన లైనింగులను తయారుచేసి రొద సమస్యకు పరిష్కారం చూపారు. అప్పటికి మార్కెట్టు మరో దారి పట్టింది.

ఆ దారి డ్రమ్ము బ్రేకుది. ఫ్రాన్సుకు చెందిన లూయీ రెనో పేరుతో ముడిపడిన ఈ పద్ధతి కూడా 1902 నాటిదే కావడం కాకతాళీయం. గిన్నె బోర్లించినట్టుండే డ్రమ్ము లోపల రెండు అర్ధచంద్రాకారపు షూలు ఉంటాయి. పెడల్ తొక్కితే అవి వెలుపలికి విచ్చుకొని డ్రమ్ము గోడను ఒరుసుకుంటాయి. అంతా మూతలో ఉంటుంది కనుక దుమ్ము చేరదు. అంతకు మించిన సుగుణం మరొకటి ఉంది. తిరిగే డ్రమ్ము ముందువైపు షూను తనలోకి ఈడ్చుకొని మరింత గట్టిగా అదుముకుంటుంది. డ్రైవరు కాలు పెట్టిన బలానికి చక్రం తన బలాన్ని కలుపుతుందన్నమాట. బూస్టర్లు లేని కాలంలో ఇది పెద్ద వరం. డిస్కుకు ఈ స్వయంసహాయం లేదు. కాలు ఎంత నొక్కితే అంతే పట్టు. 1920 దశకంలో నాలుగు చక్రాలకూ బ్రేకులు వచ్చినప్పుడు, వాటికి నూనె ఒత్తిడితో పనిచేసే ఏర్పాటు చేరినప్పుడు, ఆ ప్రగతి అంతా డ్రమ్ముల మీదుగానే సాగింది.

కంపెనీ పోయింది, ఆకాశం మిగిలింది

బ్రేకు ఒక్కటే కాదు, కంపెనీ కూడా లాంచెస్టర్‌ను నిరాశపరిచింది. కార్లకు గిరాకీ ఉన్నా చేతిలో పెట్టుబడి చాలక 1904లో సంస్థ దివాలా అంచుకు చేరింది. దానిని పునర్వ్యవస్థీకరించి లాంచెస్టర్ మోటార్ కంపెనీగా నిలబెట్టారు. కానీ డైరెక్టర్లకూ, తన గీతల్లో ఒక్క గీతను కూడా మార్చనివ్వని ఇంజనీరుకూ పొసగలేదు. 1909లో ఆయన జనరల్ మేనేజరు పదవి నుంచి తప్పుకొని సలహాదారుగా మిగిలారు. ఆ ఏడాదే డైమ్లర్ కంపెనీకి కూడా సలహాదారు అయ్యారు. కార్ల రూపకల్పన భారం క్రమంగా తమ్ముడు జార్జ్‌పై పడింది. ఇంజను అదురును తగ్గించడానికి ఫ్రెడరిక్ ఆ సంవత్సరాల్లో రూపొందించిన సమతుల్య షాఫ్టుల సూత్రం ఇప్పటికీ అనేక నాలుగు సిలిండర్ల ఇంజన్లలో వాడుకలో ఉంది.

ఆయన మనసు మాత్రం చాలాకాలంగా ఆకాశంలోనే ఉంది. అట్లాంటిక్ సముద్రంపై ఓడలో ప్రయాణిస్తూ, రెక్కలాడించకుండానే గాలిలో తేలిపోతున్న సముద్రపు కాకులను గంటల తరబడి గమనించారు. రెక్క చుట్టూ గాలి సుడులుగా తిరగడం వల్లనే పైకి లేపే బలం పుడుతుందని, ఆ సుడులు రెక్క కొసల నుంచి వెనక్కు సాగుతాయని ఊహించారు. 1897లో ఈ సిద్ధాంతాన్ని వివరిస్తూ సమర్పించిన పత్రాన్ని శాస్త్ర సంఘాలు తిరస్కరించాయి. రైట్ సోదరులు ఎగరడానికి అది ఆరేళ్ల ముందు మాట. పదేళ్లు ఆగి, 1907లోనూ 1908లోనూ రెండు సంపుటాలుగా తన పరిశోధనను ఆయన ప్రచురించారు. ఆయన భాష జటిలమైనది, గణితం అప్పటి సంప్రదాయానికి అలవాటు లేనిది. స్వదేశంలో కొద్దిమందే చదివారు. జర్మనీలోని గాటింజెన్‌లో మాత్రం ఆ గ్రంథాలపై ఆసక్తి చూపి అనువదించుకున్నారు. లాంచెస్టర్ స్వయంగా అక్కడికి వెళ్లి లుడ్విగ్ ప్రాంటల్‌ను కలిశారు. 1918లో ప్రాంటల్ గణితబద్ధంగా ప్రకటించిన రెక్కల సిద్ధాంతాన్ని నేడు ఇద్దరి పేర్లతోనూ పిలుస్తారు.

ప్రథమ ప్రపంచ యుద్ధం ఆయన చేత మరో రంగంలోనూ అడుగు పెట్టించింది. తలపడే రెండు సేనల్లో ఎవరు ఎంత వేగంగా క్షీణిస్తారన్న ప్రశ్నకు సమీకరణాలు రాశారు. ఆధునిక ఆయుధాలతో జరిగే పోరులో సేన బలం దాని సంఖ్యకు వర్గంగా పెరుగుతుందని తేల్చారు. అంటే సంఖ్య రెట్టింపయితే బలం నాలుగు రెట్లవుతుంది. 1916లో గ్రంథరూపం దాల్చిన ఈ సూత్రాలు రెండో ప్రపంచ యుద్ధకాలంలో రూపుదిద్దుకొన్న కార్యకలాపాల పరిశోధన శాస్త్రానికి పూర్వరంగమయ్యాయి. నేడు మార్కెట్లో పోటీ కంపెనీల బలాబలాలను లెక్కించేవారు సైతం వీటిని వాడుతున్నారు. ఇంత చేసిన మనిషికి 1922లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1926లో రాయల్ ఏరోనాటికల్ సొసైటీ బంగారు పతకం, 1931లో అమెరికాకు చెందిన గుగెన్‌హైమ్ పతకం లభించాయి. పతకాలు వచ్చాయి కానీ రాబడి పెరగలేదు.

భారతదేశంతో అనుబంధం

లాంచెస్టర్ కుటుంబం పేరు మన దేశానికి రెండు మార్గాల్లో చేరింది. మొదటిది కార్ల ద్వారా. ఇంజను చప్పుడు తక్కువగా, కుదుపు లేకుండా సాగే లాంచెస్టర్ కార్లను సంస్థానాధీశులు ఇష్టపడేవారు. క్రికెటరుగా లోకప్రసిద్ధుడైన నవానగర్ జాంసాహెబ్ రంజిత్‌సింహ్‌జీ ఈ కార్ల అభిమాని. ఆళ్వార్ మహారాజు 1924లో ఒక లాంచెస్టర్ 40 చట్రంపై బ్రిటిష్ రాజరథాన్ని పోలిన బాడీ కట్టించుకున్నారు. అప్పటికి ఫ్రెడరిక్ కంపెనీలో లేరు. ఆ నమూనా తమ్ముడు జార్జ్ చేతి పని.

రెండో మార్గం సున్నం, ఇటుకలది. ఫ్రెడరిక్ అన్న హెన్రీ వాన్ లాంచెస్టర్ తండ్రి వృత్తినే స్వీకరించి భవన శిల్పిగా, నగర నిర్మాణ నిపుణుడిగా పేరు పొందారు. కొత్త ఢిల్లీ స్థల నిర్ణయ దశలో ప్రభుత్వం ఆయన సలహా తీసుకుంది. మద్రాసు నగర ప్రణాళికపై ఆయన రాసిన గ్రంథం 1918లో వెలువడింది. కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే. 1929లో కరవు పనిగా మొదలై 1943లో పూర్తయిన జోధ్‌పూర్ ఉమైద్ భవన్ సౌధానికి నమూనా ఇచ్చినది ఆయనే. ఆ సౌధం చూడవచ్చే యాత్రికుల్లో దాని శిల్పి తమ్ముడు తమ కారు బ్రేకుకు మూలపురుషుడని ఎరిగినవారు బహు అరుదు.

ఫ్రెడరిక్ 1919లో, 50 ఏళ్ల వయసులో, ఒక మతాచార్యుని కుమార్తె డొరోథియా కూపర్‌ను వివాహమాడారు. వారికి సంతానం లేదు. బర్మింగ్‌హామ్‌లోని మోజ్‌లీలో ఇల్లు కట్టుకున్నారు. 1925లో సొంతంగా ఒక ప్రయోగశాల సంస్థ నెలకొల్పి లౌడ్‌స్పీకర్లు తయారుచేయించారు. వస్తువు మంచిదేగానీ వ్యాపారం ఆయనకు అచ్చిరాలేదు. 1929లో డైమ్లర్‌తో సంబంధం తెగిపోవడంతో స్థిరమైన ఆదాయం కూడా ఆగింది. 1931లో లాంచెస్టర్ మోటార్ కంపెనీ ఆర్థిక మాంద్యంలో చిక్కుకొని డైమ్లర్‌ను కలిగి ఉన్న బీఎస్ఏ సంస్థ చేతిలోకి వెళ్లింది. చివరి సంవత్సరాల్లో అంగవణుకు వ్యాధి ఆయన చేతిని, నేత్రవ్యాధి చూపును హరించాయి. గీత తప్పని చేతికి, ఓడపై నుంచి పక్షుల కదలికలు పసిగట్టిన కళ్లకు పట్టిన గతి అది. 1946 మార్చి 8న మోజ్‌లీలోని స్వగృహంలోనే మరణించారు. కోవెంట్రీ నగరంలోని ఒక పాలిటెక్నిక్‌కు 1970లో ఆయన పేరు పెట్టారు. అది ఇప్పటి కోవెంట్రీ విశ్వవిద్యాలయం.

అర్ధ శతాబ్దం తరువాత

లాంచెస్టర్ చనిపోయిన ఏడేళ్లకు ఆయన ఆలోచనకు కాలం కలిసివచ్చింది. ఫ్రాన్సులోని లెమాన్‌లో 24 గంటలపాటు సాగే కార్ల పందెంలో 1953లో జాగ్వార్ సీ-టైప్ కారు గెలిచింది. దాని నాలుగు చక్రాలకూ డన్‌లప్ తయారుచేసిన డిస్కు బ్రేకులు ఉన్నాయి. విమానాల చక్రాల కోసం సాగిన పరిశోధన ఫలితమే అవి. ప్రత్యర్థుల కార్లు మలుపుకు చాలా ముందునుంచే వేగం తగ్గించుకోవలసి రాగా, జాగ్వార్ డ్రైవర్లు చివరి క్షణం దాకా ఆగి బ్రేకు వేయగలిగారు. కారణం స్పష్టం. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది. పెడల్ కిందికి దిగిపోతుంది, పట్టు సన్నగిల్లుతుంది. డిస్కు వేడెక్కితే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది. 1955లో సిట్రోయెన్ డీఎస్, 1956లో ట్రయంఫ్ టీఆర్3 ముందు చక్రాలకు డిస్కులతో జనసామాన్యపు మార్కెట్టుకు వచ్చాయి.

అంబాసిడర్ ఈ మార్పుకు ఆవలి గట్టున పుట్టింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు నమూనాగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1957లో తయారీ మొదలైనప్పుడు, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్నాయి. ఫియట్ 1100 సంతతికి చెందిన ప్రీమియర్ పద్మిని పరిస్థితీ అదే. పోటీ లేని మార్కెట్టులో, లైసెన్సు నిబంధనల నీడలో, ఒకే నమూనా దశాబ్దాల పాటు సాగింది. విడిభాగాల రంగం మాత్రం ముందుకు కదిలింది. టీవీఎస్ కుటుంబం, ఇంగ్లండ్‌కు చెందిన గర్లింగ్ సంస్థ కలిసి 1962లో మద్రాసులో బ్రేక్స్ ఇండియాను స్థాపించాయి. అంబాసిడర్ తుదిదశ నమూనాల్లో ముందు డిస్కులు వచ్చాయి. 2014 మేలో ఉత్తర్‌పారా కర్మాగారం మూతపడడంతో ఆ చరిత్ర ముగిసింది. రోడ్లపై మిగిలినవాటిలో మాత్రం డ్రమ్ము కార్లే చాలా ఉన్నాయి.

వాటికి డిస్కులు బిగించే పని పైకి కనిపించినంత తేలిక కాదు. ముందు చక్రాలకే ఎందుకంటే, బ్రేకు వేయగానే కారు బరువు ముందుకు ఒరిగి, ఆపే పనిలో మూడింట రెండు వంతులో అంతకు మించో ఆ రెండు చక్రాలపైనే పడుతుంది. డ్రమ్మును, షూలను, వెనుక పలకను తీసివేశాక, డిస్కుకు సరిపడే హబ్బు కావాలి. క్యాలిపర్‌ను స్టబ్ యాక్సిల్‌కు పట్టి ఉంచే బ్రాకెట్ కావాలి. చక్రాన్ని ఆపే బలమంతా ఆ బ్రాకెట్ బోల్టుల గుండానే చట్రానికి చేరుతుంది. వెల్డింగుతో అతికించిన నాసిరకం బ్రాకెట్ విరిగితే ముందు చక్రం బ్రేకు మొత్తం పోయినట్టే. క్యాలిపర్ రిమ్ము లోపలి అంచుకు తగలకుండా జాగా చూసుకోవాలి. హబ్బు మారితే చక్రం కొద్దిగా బయటికి జరిగి మలుపులో మడ్‌గార్డుకు రాసుకోవచ్చు.

అసలు చిక్కు మాస్టర్ సిలిండరు దగ్గర వస్తుంది. పాత డ్రమ్ము వ్యవస్థలో పెడల్ వదిలాక కూడా పైపుల్లో కొద్దిపాటి ఒత్తిడి నిలిచి ఉండేలా ఒక వాల్వు ఉంటుంది. డిస్కు వైపు దాన్ని అలాగే వదిలేస్తే ప్యాడ్లు డిస్కును వదలవు. పది కిలోమీటర్లు పోయేసరికి చక్రం పొగలు కక్కుతుంది. క్యాలిపర్ పిస్టన్లు పెద్దవి కనుక వాటికి ఎక్కువ బ్రేకు ఆయిల్ కావాలి. అందుకని పెద్ద బోరు సిలిండరు పెడితే, అదే కాలి బలానికి ఒత్తిడి తగ్గుతుంది. డ్రమ్ముకున్న స్వయంసహాయం డిస్కుకు లేదని ముందే చెప్పుకున్నాం. ఈ రెండు లోట్లనూ పూడ్చడానికి వాక్యూమ్ బూస్టర్ అవసరమవుతుంది. కొన్ని పాత బ్రిటిష్ కార్లలో మాస్టర్ సిలిండరు డ్రైవరు కాళ్ల కింద, అడుగుపలక దిగువన ఉంటుంది. అక్కడ బూస్టర్‌కు చోటే ఉండదు. ఇంజను గదిలోకి మార్చక తప్పదు. ముందు, వెనుక చక్రాలకు విడివిడి మార్గాలున్న సిలిండరు పెట్టుకుంటే ఒక పైపు పగిలినా రెండో జత పనిచేస్తుంది. ఖర్చు లెక్కలో దీన్ని తీసివేసేవారు ఉన్నారు. తీసివేయవలసినది ఇది మాత్రం కాదు.

ముందు పట్టు పెరిగాక వెనుక డ్రమ్ములకు వెళ్లే ఒత్తిడి కూడా చూసుకోవాలి. తడి రోడ్డుపై వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుపోతే కారు బొంగరంలా తిరుగుతుంది. చేతి బ్రేకు తీగ వెనుక డ్రమ్ములకే ఉంటుంది కనుక వాటిని అలాగే ఉంచడం ఉత్తమం.

చట్టం సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. కాగా 2021 జులైలో కేంద్రం 50 ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ నమోదు ప్రవేశపెట్టింది. 20,000 రూపాయల రుసుముతో పదేళ్లకు లభించే ఈ నమోదుకు వాహనం మూలరూపంలో ఉండాలి. చట్రంలో, బాడీలో, ఇంజనులో గణనీయమైన మార్పులు ఉండరాదు. ఆ నిర్వచనంలో బ్రేకుల ప్రస్తావన లేదు. అయినా మూలరూపం అన్న మాటను అధికారి ఎంతదాకా లాగుతారన్నది ముందే అడిగి తెలుసుకోవడం, విప్పిన డ్రమ్ములను, షూలను పాత ఇనుములో వేయక నూనె పూసి దాచుకోవడం విజ్ఞత.

ఆ విప్పే పనిలో మరో జాగ్రత్త ఉంది. ఆనాడు కీచురొదను అణచిన రాతినారే దశాబ్దాల పాటు బ్రేకు లైనింగులలో ముఖ్య పదార్థంగా కొనసాగింది. దాని సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తరువాత కేన్సర్‌తో సహా ప్రాణాంతక వ్యాధులు కలిగిస్తాయి. పాత డ్రమ్ము తెరిచినప్పుడు అడుగున పేరుకొని కనిపించే బూడిదరంగు ధూళిలో అది ఉండే అవకాశముంది. షెడ్డులో కుర్రవాళ్లు అలవాటుగా గాలిపైపు పెట్టి ఊదుతారు. అలా ఊదనివ్వక, ముక్కుకు తగిన మాస్కు కట్టుకొని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పారవేయాలి.